ఆటోనగర్‌లో జాకీల షెడ్డు పెడుతున్నాం: ప్రొప్రైటరా, పార్ట్‌నర్‌షిప్పా, ఎల్‌ఎల్‌పీయా, ప్రైవేట్ లిమిటెడ్డా?

జాకీ మేస్త్రీ, విజయవాడ

అందరికీ నమస్కారం. మాది పటమట. చిన్నప్పటి నుంచీ ఆటోనగర్‌లోనే హైడ్రాలిక్ పని. టిప్పర్ తొట్టిని పైకెత్తే జాకీలు, జేసీబీ సిలిండర్లు, ప్రొక్లెయిన్ బూమ్ సిలిండర్లు విప్పి సీల్ కిట్లు మార్చడం, రాడ్డు పాడైతే క్రోమ్ వేయించడం, హోస్ పైపులు కట్టి ఇవ్వడం, ఇదే నా పని. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ షెడ్డులో మేస్త్రీగా చేశాను. అమరావతి పనులు మళ్ళీ ఊపందుకున్నాక టిప్పర్లు బాగా పెరిగాయి. నా చేతి పని తెలిసిన ఓనర్లు నేరుగా నాకే ఫోన్ చేస్తున్నారు కాబట్టి ఇప్పుడు సొంతంగా పెట్టుకుందామని నిర్ణయించుకున్నాను.

పెట్టుబడి సంగతి ఇదీ. నా దగ్గర 4 లక్షలుంది. మా బావ 10 లక్షలు పెడతానన్నాడు. ఒక సెకండ్ హ్యాండ్ లేత్, ఒక ప్రెస్సు, హోస్ క్రింపింగ్ మిషన్ తీసుకోవాలి, ఇంకా తగ్గితే బ్యాంకు లోన్ పెట్టాలి. షెడ్డు మా నాన్నది, అద్దె టెన్షన్ లేదు.

అసలు చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఒక పెద్ద కాంట్రాక్టరు వాళ్ళ బళ్ళన్నీ నాకే ఇస్తామన్నారు, కానీ వాళ్ళకి పని చేసిపెట్టేవాళ్ళుగా నమోదు చేసే వెండర్ కోడ్ ఇవ్వాలంటే జీఎస్టీ బిల్లు, పాన్, కరెంట్ అకౌంట్, సంస్థ కాగితాలు కావాలన్నారు. ఏ సంస్థ అని అడిగితే నేనేం చెప్పాలో తెలియలేదు. తెలిసినవాళ్ళని అడిగితే ఒకరు కంపెనీ పెట్టు విలువుంటుంది అన్నారు, ఒకరు స్టాంపు పేపరు మీద పార్ట్‌నర్‌షిప్ రాసుకుంటే సరిపోతుందన్నారు, ఇంకొకరు ఎల్‌ఎల్‌పీ, అంటే లిమిటెడ్ లయబిలిటీ పార్ట్‌నర్‌షిప్, అన్నారు. నాకు వీటి మధ్య తేడా పుస్తకాల్లో రాసినట్టు వద్దు. రేపు నేను కట్టిన జాకీ ఫెయిలై ఏదైనా జరిగితే ఎవరి మీద పడుతుంది, పన్ను ఎంత పోతుంది, బావకీ నాకూ మాట తేడా వస్తే ఏం జరుగుతుంది, ఈ మూడూ చెప్పండి చాలు. మా అక్క కాపురంతో ముడిపడిన డబ్బు ఇది, అందుకే ఇంతగా అడుగుతున్నాను.

బందరు రోడ్డు

తమ్ముడూ, ప్రైవేట్ లిమిటెడ్ పెట్టేయ్, రెండో ఆలోచన వద్దు. ఇద్దరు డైరెక్టర్లు, ఇద్దరు వాటాదారులు ఉంటే చాలు, వాళ్ళే వీళ్ళు కావచ్చు. ఇంత మూలధనం ఉండాలి అన్న రూలు 2015లోనే తీసేశారు, లక్ష రూపాయలతో కూడా పెట్టుకోవచ్చు. కంపెనీ అప్పు కంపెనీదే, నీ ఇంటి మీదకి రాదు. వాటా అమ్మాలన్నా, కొత్తవాళ్ళు డబ్బు పెట్టాలన్నా తేలిక. పెద్ద కాంట్రాక్టర్లు కూడా పేరు చివర ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంటే ఇచ్చే గౌరవం వేరు. మనవాళ్ళు ఎప్పుడూ చిన్నగా ఆలోచిస్తారు, పెద్దగా మొదలుపెట్టు.

పద్దులవాడు, గుంటూరు

నేను ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను, బ్రాడీపేటలో. కంపెనీ చెడ్డదని అనను, కానీ ఈ షెడ్డుకి ఈరోజు కంపెనీ అవసరం లేదనేది నా గట్టి అభిప్రాయం. కారణాలు చెబుతాను.

కంపెనీ అంటే టర్నోవర్ రూపాయి లేకపోయినా ఆడిట్ తప్పదు. పెట్టిన 30 రోజుల్లో ఆడిటర్‌ని పెట్టుకోవాలి, వాటా డబ్బు అకౌంట్లో వేసి 180 రోజుల్లో వ్యాపారం మొదలుపెట్టామని ఫారం వేయాలి, ఆ తర్వాత ఏటా లెక్కల ఫారం ఒకటి, వార్షిక రిటర్ను ఒకటి. ఇవి ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు, దానికి పైపరిమితి లేదు. వరసగా మూడేళ్ళు వేయకపోతే డైరెక్టర్లు అయిదేళ్ళపాటు అనర్హులవుతారు. సరిగ్గా నడవలేదు మూసేద్దామంటే దానికీ ఫారం, దానికీ 10,000 ఫీజు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో గౌరవం కోసం కంపెనీ పెట్టి, పని లేక వదిలేసి, రెండేళ్ళ తర్వాత ఫైన్ల కాగితం పట్టుకుని వచ్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళ ముఖం చూస్తే బాధేస్తుంది. ఇంకో సంగతి, కంపెనీ గల్లాలోంచి ఇంటి ఖర్చుకి డబ్బు తీసుకోవడం కుదరదు. జీతంగా తీసుకోవాలి, లేదా డివిడెండ్‌గా తీసుకుని దాని మీద మళ్ళీ పన్ను కట్టాలి. అప్పుగా తీసుకున్నా దాన్నే డివిడెండ్‌గా లెక్కగట్టే సెక్షన్ ఉంది. షెడ్డు నడిపేవాళ్ళకి రోజూ సాయంత్రం జేబులోకి ఎంతో కొంత తీసుకెళ్ళే అలవాటు ఉంటుంది కదా, అక్కడే దెబ్బతింటారు.

ఇప్పుడు పన్ను. మీ షెడ్డులో ఖర్చులన్నీ పోను ఏడాదికి 10 లక్షలు మిగిలాయనుకుందాం. ప్రొప్రైటర్‌గా మీ ఒక్కడి పేరునే ఉంటే, వేరే ఆదాయం లేకపోతే, కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా. అదే 10 లక్షలు పార్ట్‌నర్‌షిప్‌కో ఎల్‌ఎల్‌పీకో వచ్చిందనుకోండి, సంస్థకి మొదటి రూపాయి నుంచీ 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. అయితే పనిచేసే భాగస్వాములకి జీతం రాసుకోవచ్చు: లాభంలో మొదటి 6 లక్షల మీద 90 శాతం, ఆ పైదాని మీద 60 శాతం దాకా. అంటే 5,40,000, దానికి 2,40,000 కలిపి 7,80,000 జీతాలుగా పోతుంది. మిగిలిన 2,20,000 మీద 31.2 శాతం, 68,640 రూపాయలు సంస్థ కడుతుంది. పెట్టిన పెట్టుబడి మీద 12 శాతం దాకా వడ్డీ కూడా రాసుకోవచ్చు, డీడ్‌లో, అంటే భాగస్వామ్య ఒప్పందంలో, రాసి ఉంటేనే. అప్పుడు పన్ను ఇంకా తగ్గుతుంది. పన్ను కట్టాక మిగిలిన లాభం వాటా భాగస్వాముల చేతిలో మళ్ళీ పన్ను పడదు. 2025 ఏప్రిల్ నుంచి భాగస్వామికిచ్చే జీతం, వడ్డీ ఏడాదికి 20,000 దాటితే సంస్థ ముందే 10 శాతం పన్ను (టీడీఎస్) కోయాలి, ఇది చాలామందికి ఇంకా తెలియదు.

లెక్కలు రాయకుండా టర్నోవర్ మీద ఇంత శాతం లాభం అని చూపే పద్ధతి ఉంది కదా, అందరూ 44ఏడీ అంటారు, నగదు వసూళ్ళకి 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం. నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. ఇది ప్రొప్రైటర్‌కీ మామూలు పార్ట్‌నర్‌షిప్‌కీ ఉంది, ఎల్‌ఎల్‌పీకి లేదు, కంపెనీకి లేదు. పార్ట్‌నర్‌షిప్‌లో ఈ పద్ధతి పట్టుకుంటే మళ్ళీ భాగస్వాముల జీతం, వడ్డీ తీసివేయనివ్వరు, కాబట్టి పేరుకి తేలిక గానీ పన్ను ఎక్కువ పడుతుంది.

కాంట్రాక్టరు దగ్గర ప్రొప్రైటర్ అంటే చిన్నచూపు చూస్తారేమోనని భయపడకండి. వాళ్ళకి కావాల్సింది జీఎస్టీ బిల్లు, ఎందుకంటే మీరు వేసిన 18 శాతం వాళ్ళు క్రెడిట్ తీసుకుంటారు, అంటే తాము కట్టే పన్నులో తగ్గించుకుంటారు. అందుకే జీఎస్టీలో చిన్న వ్యాపారులకి ఉండే కాంపోజిషన్ పద్ధతిలోకి వెళ్ళకండి, అందులో మీరు పన్ను వసూలు చేయలేరు, వాళ్ళకి క్రెడిట్ రాదు, పని పోతుంది. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఎవరికీ డబ్బులివ్వకుండా మీరే చేసుకోవచ్చు. అది మొదటి బిల్లు వేయకముందే చేసుకోండి. తర్వాత ఆ కాంట్రాక్టరు డబ్బు ఆపితే, రాతపూర్వక ఒప్పందం ఉంటే 45 రోజులు, లేకపోతే 15 రోజులు దాటాక రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ అడిగే హక్కు మీకుంటుంది.

ఒక్కటి మాత్రం మీరు చెప్పలేదు. మీ బావగారు ఏం చేస్తారు? ఆయన డబ్బు పెట్టి ఊరుకుంటారా, షెడ్డులో కూర్చుంటారా? దాన్ని బట్టి పైన చెప్పిందంతా మారిపోవచ్చు.

జాకీ మేస్త్రీ, విజయవాడ

చాలా థాంక్స్ అండి, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. బావ జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరు. షెడ్డుకి రాడు. నిజానికి ఆ 10 లక్షలు బావ జీతం డబ్బు కాదు, పెళ్ళప్పుడు మా నాన్న పసుపు కుంకుమ కింద అక్కకి రాసిచ్చిన పొలం అమ్మగా వచ్చింది. అక్క అకౌంట్లోనే ఉంది. అక్క బీకాం చదివింది, కావాలంటే బిల్లులు, జీఎస్టీ లెక్కలు నేను చూస్తాను అంటోంది. ఇంట్లో అందరం బావ పేరే రాద్దామనుకున్నాం, పెద్దవాడు కదా అని.

గోతాల షాపు, గుంటూరు

నేను పన్నుల గురించి చెప్పలేను గానీ పార్ట్‌నర్‌షిప్ గురించి మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఎవరో ఒకరికైనా ఉపయోగపడాలి.

మా నాన్న, ఆయన స్నేహితుడు కలిసి మిర్చి యార్డు దగ్గర గోతాల వ్యాపారం చేసేవాళ్ళు. ఇద్దరూ ఒకే కంచంలో తిన్నవాళ్ళు. స్టాంపు పేపరు మీద డీడ్ రాసుకున్నారు, నోటరీ చేయించారు, అంతే, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించలేదు. నమోదు తప్పనిసరి కాదు అని ఎవరో చెప్పారు, అది నిజమే. కానీ దాని వెనకాల ఉన్నది చెప్పలేదు. ఒక సీజన్‌లో ఒక వ్యాపారి గోతాలు తీసుకెళ్ళి పెద్ద మొత్తం ఎగ్గొట్టాడు. వకీలు దగ్గరికి వెళ్తే ఆయన డీడ్ చూసి, రిజిస్టర్ కాని ఫర్మ్ తన ఒప్పందం ప్రకారం రావలసిన డబ్బు కోసం బయటివాళ్ళ మీద దావా వేయలేదు, 1932 చట్టంలో 69వ సెక్షన్ అని చెప్పారు. మన మీద ఎవరైనా దావా వేయొచ్చు, మనం వేయలేం. ముందు రిజిస్టర్ చేసి తర్వాత దావా వేద్దాం అన్నారు, ఆ కాగితాలు తిప్పుతుండగానే నాన్న స్నేహితుడు గుండెపోటుతో పోయారు.

అక్కడితో అసలు కష్టం మొదలైంది. ఇద్దరే భాగస్వాములున్న ఫర్మ్‌లో ఒకరు పోతే ఫర్మే ఉండదు. ఆ ఒక్కడితో పార్ట్‌నర్‌షిప్ అనేది ఉండదు కదా, డీడ్‌లో కొనసాగుతుందని రాసుకున్నా పనిచేయదు. కరెంట్ అకౌంట్ ఇద్దరి సంతకాల మీద ఉంది, బ్యాంకు ఆపేసింది. గోడౌన్లో సరుకు ఎవరిది, రావలసిన బాకీల్లో ఎంత వాళ్ళది, పాత అప్పు ఎవరు కట్టాలి, ఏదీ డీడ్‌లో లేదు, లాభం సగం సగం అన్న ఒక్క మాట తప్ప. ఆయన భార్య మంచి మనిషి, మా అమ్మకి అక్కలాంటిది. అయినా వాళ్ళ బంధువులు వచ్చి లెక్కలు అడగడం మొదలుపెట్టాక రెండిళ్ళ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. మా నాన్నకి డబ్బు పోయిన దిగులు కంటే అదే ఎక్కువ.

మీరు ఏ పద్ధతి తీసుకున్నా సరే, మీ అక్క వాటా నోటిమాట మీద పెట్టొద్దండి. తోడబుట్టినవాళ్ళ మధ్య రాతలేమిటి అని పెద్దవాళ్ళు అంటారు. రాసుకోవాల్సింది ముఖ్యంగా తోడబుట్టినవాళ్ళే, ఎందుకంటే అక్కడ చెడితే వెళ్ళడానికి ఇంకో ఇల్లు లేదు.

పద్దులవాడు, గుంటూరు

పైన రాసినాయన చెప్పింది ప్రతి అక్షరం నిజం. ఒక్కటి కలుపుతాను, మామూలు పార్ట్‌నర్‌షిప్‌లో అప్పు మొత్తానికి ప్రతి భాగస్వామీ పూచీ. వాటా పది శాతమే అయినా అప్పులవాడు నూరు శాతం మీ అక్క దగ్గరే అడగొచ్చు.

ఇక మేస్త్రీ గారూ, బావగారి పేరు రాయకండి. ఆయన ప్రభుత్వ జీతం తీసుకునే టీచరు. రాష్ట్ర సివిల్ సర్వీసెస్ ప్రవర్తనా నియమావళి, 1964 నాటిది, దాని ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. భాగస్వామి, డైరెక్టర్, ఇవన్నీ పాన్ నంబరుకి అంటుకునే పేర్లు, దాచితే దాగవు. ఎవరికైనా కోపం వచ్చి ఒక్క అర్జీ పెడితే ఆయన ఉద్యోగానికి చిక్కు. వడ్డీకి అప్పివ్వడం మీద కూడా ఆ రూల్సులో ఆంక్షలున్నాయి, అందుకని ఆయన పేరున ప్రోనోటు కూడా వద్దు. అక్క వ్యాపారంలో ఉన్నప్పుడు డిపార్ట్‌మెంట్‌కి తెలియజేయాల్సింది ఏముందో ఆయన్నే తన ఆఫీసులో అడిగి, ఒక కాగితం ఇచ్చి, దాని నకలు దగ్గర పెట్టుకోమనండి.

అక్క పేరు రాయడం మాత్రం ఎంత బాగుందో చూడండి. అది బావగారి డబ్బు అయ్యుంటే, భర్త ఇచ్చిన డబ్బుతో భార్య వ్యాపారం చేసినప్పుడు ఆ డబ్బుకి సంబంధించిన ఆదాయం భర్త ఆదాయంలో కలిపేస్తారు. తండ్రి ఇచ్చిన పొలం మీద వచ్చిన డబ్బుకి ఆ గొడవ లేదు. పొలం అమ్మిన దస్తావేజు నకలు, డబ్బు జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్ జాగ్రత్త పెట్టుకోండి. వ్యాపారంలోకి వచ్చే ప్రతి రూపాయీ బ్యాంకు నుంచి బ్యాంకుకే రావాలి. అప్పుగా 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకుంటే, తీసుకున్నంత మొత్తమూ పెనాల్టీగా వేయొచ్చు, ఇంట్లోవాళ్ళ దగ్గర తీసుకున్నా సరే అడుగుతారు.

ఇప్పుడు మీకు మంచి దారులు రెండే కనిపిస్తున్నాయి. ఒకటి, వ్యాపారం మీ ఒక్కరి పేరున ప్రొప్రైటర్‌గా పెట్టి అక్క దగ్గర 10 లక్షలు అప్పుగా తీసుకోవడం. ప్రోనోటు రాసి రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేస్తారు, వడ్డీ ఇస్తారు, మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది కాబట్టి ఆలోపు చెల్లు వేయించడమో తిరగరాయడమో చేస్తారు. పన్ను తక్కువ, ఫారాలు లేవు. పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ లోన్‌కి కూడా దారి ఉంటుంది, అది వ్యక్తులకిస్తారు గానీ పార్ట్‌నర్‌షిప్‌లకీ కంపెనీలకీ ఇవ్వరు. సర్వీసు యూనిట్ అయితే ప్రాజెక్టు 20 లక్షల దాకా, పట్టణంలో జనరల్ వాళ్ళకి 15 శాతం, ప్రత్యేక వర్గాలకి 25 శాతం సబ్సిడీ, ఆ సబ్సిడీ మూడేళ్ళు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అనేది జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. ఈ దారిలో అక్కకి వచ్చేది వడ్డీ మాత్రమే, షెడ్డు పెరిగితే ఆ పెరుగుదలలో ఆమెకి భాగం లేదు.

రెండోది ఎల్‌ఎల్‌పీ. దాని సంగతి అనుభవం ఉన్నవాళ్ళెవరైనా చెబితే బాగుంటుంది.

కొరిటెపాడు డిజైన్స్

మేము గుంటూరులో ఇంటీరియర్ పని చేస్తాం, ఎల్‌ఎల్‌పీ మాది. అందరూ లిమిటెడ్ లయబిలిటీ ఎవరికి కావాలి అంటే పని చేసేవాడికి అనుకుంటారు. నా ఉద్దేశంలో అది అన్నిటికంటే ముందు కావాల్సింది షెడ్డులో లేని మనిషికి, అంటే మీ అక్కకి. ఏ జాకీ ఎవరు కట్టారో ఆమెకి తెలియదు, ఆపే అవకాశం లేదు, అలాంటప్పుడు ఆమె పేరున ఉన్న ఇల్లు ఎందుకు పూచీ పడాలి? ఎల్‌ఎల్‌పీలో ఆమె పెట్టిన 10 లక్షలు పోవచ్చు, అంతకు మించి సంస్థ అప్పు ఆమె ఇంటి గడప తొక్కదు. ఒకరి తప్పుకి రెండోవారు బాధ్యులు కారు అని చట్టంలోనే ఉంది.

ఖర్చు విషయానికొస్తే కంపెనీ అంత భారం కాదు. ఏటా మే 30 లోపు ఒక ఫారం, అక్టోబర్ 30 లోపు ఒక ఫారం, ఇంకా ఇన్‌కంటాక్స్ రిటర్ను. టర్నోవర్ 40 లక్షలు, పెట్టుబడి 25 లక్షలు దాటనంత వరకూ ఎల్‌ఎల్‌పీ చట్టం ప్రకారం ఆడిట్ అక్కర్లేదు. మీకు ఆ ఏడాది బళ్ళు రాకపోయినా ఫారాలు మాత్రం వేయాలి, అది మర్చిపోవద్దు.

అలాగని అన్నిటికీ అడ్డం పడుతుందనుకోకండి. బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు ఇద్దరి వ్యక్తిగత గ్యారంటీ అడుగుతుంది, సంతకం పెట్టారంటే ఆ లోన్ వరకూ మీ సొంత ఆస్తి పూచీ ఉన్నట్టే. జీఎస్టీ, ఇన్‌కంటాక్స్ బకాయిలు పడితే భాగస్వాముల దాకా వస్తారు. మేస్త్రీగా మీరు స్వయంగా నిర్లక్ష్యంగా చేసిన పనికి మీరే బాధ్యులు, సంస్థ ఏదైనా సరే.

జాకీ మేస్త్రీ, విజయవాడ

ఆ చివరి మాట నాకు బాగా తగిలింది. మా పనిలో రాడ్డు మీద గోరు పెట్టి గీస్తే తెలిసిపోతుంది. గోటికి తగిలేంత గీత ఉందంటే కొత్త సీలు వేసినా నిలవదు, కొన్నాళ్ళకే ఆయిల్ కారుతుంది. రాడ్డు మార్చాలి లేదా క్రోమ్ వేయించాలి. ఓనరేమో ఇప్పటికి సీలు వేసి పంపు, ట్రిప్పులు పోతున్నాయి అంటాడు. ఇన్నాళ్ళూ ఓనర్ చెప్పాడని వేసి పంపేవాళ్ళు. తొట్టి పైకెత్తి ఉండగా కింద ఎవరైనా పని చేస్తుంటే, అప్పుడు జాకీ దిగిపోతే? దీనికి ఏం చేయాలి?

పద్దులవాడు, గుంటూరు

దీనికి సంస్థ పేరు కంటే జాబ్ కార్డు ముఖ్యం. బండి రాగానే నంబరు, తేదీ, ఏం చూశారు, ఏం చేయాలని చెప్పారు, ఓనరు దేనికి ఒప్పుకున్నాడు, ఇవి రాసి ఆయన సంతకమో డ్రైవరు సంతకమో తీసుకోండి. రాడ్డు ఫొటో తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపండి. ప్రమాదం ఖాయం అనిపించిన బండి మాత్రం సంతకం పెట్టినా తీసుకోకండి. కుర్రాళ్ళకి పనివారల నష్టపరిహారం పాలసీ, బయటివాళ్ళకి పబ్లిక్ లయబిలిటీ పాలసీ తీసుకోండి. ఎల్‌ఎల్‌పీ ఉన్నా ఈ రెండూ ఉండాల్సిందే.

అన్నీ చూశాక నా మాట ఇదీ. అక్కకి వడ్డీ చాలు, రిస్కు వద్దు అంటే ప్రొప్రైటర్, ప్రోనోటు. వాటా కావాలి, లెక్కలు తనే చూస్తాను అంటే ఎల్‌ఎల్‌పీ, ఆమె కూడా పనిచేసే భాగస్వామే కాబట్టి ఇద్దరికీ జీతం రాసుకోవచ్చు. ఇవాళ ప్రొప్రైటర్‌గా పెట్టి రేపు మారుద్దాం అంటే కుదురుతుంది గానీ, పాన్ మారుతుంది కాబట్టి జీఎస్టీ నంబరు మారుతుంది, ఉద్యమ్, కరెంట్ అకౌంట్, కాంట్రాక్టరు దగ్గర వెండర్ కోడ్ అన్నీ మళ్ళీ కొత్తగా తీసుకోవాలి. మిగిలిన జీఎస్టీ క్రెడిట్ బదిలీకి కూడా వేరే ఫారం వేయాలి. రెండేళ్ళలో మారడం ఖాయం అనుకుంటే ఇప్పుడే ఎల్‌ఎల్‌పీ పెట్టడం మంచిది. నిర్ణయం మీ అక్కని అడిగి తీసుకోండి, బావగారిని అడిగి కాదు. డబ్బు ఆవిడది.

ఇంకొకటి, నాన్నగారి షెడ్డు పెట్టుబడి కింద సంస్థకి రాసివ్వకండి. అలా ఇస్తే క్యాపిటల్ గెయిన్స్, అంటే ఆస్తి చేతులు మారినప్పటి లాభం మీద పన్ను, లెక్కలోకి వస్తుంది, పైగా రేపు సంస్థకి ఏమైనా అయితే షెడ్డు కూడా పోతుంది. ఆయన పేరునే ఉంచి అద్దెకి తీసుకున్నట్టు ఒప్పందం రాసుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి ఆ ఒప్పందం, ఆస్తి పన్ను రసీదు సరిపోతాయి.

జాకీ మేస్త్రీ, విజయవాడ

నిన్న రాత్రి అక్కా బావా ఇంటికొచ్చారు, ఇదంతా చదివి వినిపించాను. బావ తన పేరు వద్దనడంతో చిన్నబుచ్చుకుంటాడేమో అని భయపడ్డాను, ఆయనే ముందు నా ఉద్యోగం సంగతి నాకు తట్టలేదు, మంచి పని చేశావు అన్నాడు. అక్క మాత్రం ఒక్క మాటే చెప్పింది, వడ్డీ తీసుకుని ఊరుకోను, నాకు వాటా కావాలి, లెక్కలు నా చేతిలో ఉండాలి అని. కాబట్టి ఎల్‌ఎల్‌పీ.

ఒప్పందంలో ఏమేం రాయాలో ఇద్దరం కూర్చుని అనుకున్నాం. లాభం నాకు 55, అక్కకి 45. 50,000 దాటిన చెల్లింపుకి ఇద్దరి ఆమోదం ఉండాలి. అక్కకి గానీ నాకు గానీ ఏమైనా అయితే వారసులకి డబ్బు లెక్కగట్టి ఏడాది లోపు ఇవ్వాలి, ఆ లెక్క బయటి ఆడిటర్ కట్టాలి. ఎవరైనా బయటికి వెళ్ళాలనుకుంటే ఆరు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. నేను ఇదే ఆటోనగర్‌లో వేరే పేరుతో ఇదే పని పెట్టకూడదు అని అక్క రాయమంది, సరే అన్నాను. గోతాల షాపు అన్నగారూ, మీ నాన్నగారి సంగతి విన్నాకే వారసుల మాట రాశాం, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

షెడ్డు పేరు కూడా అనుకున్నాం. ఎల్‌ఎల్‌పీ పేరు రిజిస్టర్ అయితే ఆ పేరు ఇక మనదేనా, వేరేవాళ్ళు బోర్డు పెట్టుకోలేరా?

కొరిటెపాడు డిజైన్స్

లేదండి, అలా అనుకునే చాలామంది ఆగిపోతారు. ఎల్‌ఎల్‌పీ పేరు వస్తే అదే పేరుతో ఇంకో ఎల్‌ఎల్‌పీ, కంపెనీ రాకుండా ఉంటుంది, అంతవరకే. పక్క వీధిలో ఎవరైనా ప్రొప్రైటర్‌గా అదే పేరు బోర్డు పెడితే ఆపడానికి ట్రేడ్‌మార్క్ కావాలి. రిపేరు పనులకి 37వ క్లాసు. ఉద్యమ్ సర్టిఫికెట్ చూపిస్తే ఆన్‌లైన్‌లో ఒక క్లాసుకి ఫీజు 4,500, లేకపోతే 9,000. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి, ముందు ఎల్‌ఎల్‌పీ, దాని పాన్ మీద ఉద్యమ్, తర్వాత ట్రేడ్‌మార్క్. దరఖాస్తు ఎల్‌ఎల్‌పీ పేరునే వేయండి, మీ పేరున గానీ అక్క పేరున గానీ వద్దు. పేరు ఖాయం చేసుకునే ముందు ట్రేడ్‌మార్క్ సైట్‌లో ఒకసారి వెతకండి, అది ఉచితమే. 30 రోజుల్లోపు ఎల్‌ఎల్‌పీ ఒప్పందం కూడా ఫైల్ చేయాలి, ఆ తేదీ అక్కగారికి చెప్పి ఉంచండి. జీఎస్టీ నంబరు రాగానే షెడ్డు బయట బోర్డు మీద పేరుతో పాటు ఆ నంబరూ కనిపించేలా రాయించండి.